మొటిమల గుంటలకి లేజర్ ప్యాకేజీ 72 వేలు అంటున్నారు, మాఘంలో పెళ్లి, కట్టేయమంటారా?

మియాపూర్ మెట్రో:

నమస్తే అందరికీ. ఇంటర్‌లో మొదలైన మొటిమలు ఇంజనీరింగ్ అయ్యేదాకా వదల్లేదు. ఇప్పుడు మొటిమలైతే దాదాపు తగ్గాయి కానీ రెండు బుగ్గల మీదా గుంటలు మిగిలిపోయాయి. కణతల దగ్గర చిన్న చిన్న లోతైన రంధ్రాలు, బుగ్గల కింది భాగంలో మాత్రం వెడల్పుగా, అంచులు తెలియకుండా చర్మం లోపలికి పోయినట్టు ఉంటుంది. వాటి మధ్యలో నల్ల మచ్చలు అదనం. గడ్డం పెంచి కొంత కవర్ చేస్తున్నా.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు సంబంధం ఖాయమైంది, మాఘంలో ముహూర్తం. అమ్మాయికి ఏ అభ్యంతరమూ లేదు, నాకే ఫొటోల గురించి టెన్షన్. మా పెద్దమ్మ అయితే తాంబూలాల రోజు అందరి ముందూ "వీడి మొహానికి ఏదైనా రాయించండర్రా" అనేసింది.

సరే అని ఇక్కడ దగ్గర్లో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లాను (పేరు వద్దులెండి). డాక్టర్ గారు చూసింది రెండు నిమిషాలు, మిగతాదంతా కౌన్సెలర్ మేడమే మాట్లాడారు, ట్యాబ్‌లో వాళ్లవీ వీళ్లవీ ముందు ఫొటో, తర్వాత ఫొటో చూపించారు. సీఓటూ ఫ్రాక్షనల్ లేజర్ ఆరు సెషన్లు, పీఆర్‌పీ (మన రక్తంతోనే చేసేది) ఫ్రీ, అంతా కలిపి 72 వేలు, అది కూడా ఆ రోజు సాయంత్రంలోపు కడితేనే, లేకపోతే లక్ష దాటుతుందట. ఈఎంఐ ఉంది, 90 శాతం గ్యారంటీ అన్నారు. నాకు రెండు మూడు రకాల గుంటలు ఉన్నట్టున్నాయి కదా అంటే "లేజర్ అన్నిటికీ పనిచేస్తుంది సార్" అన్నారు. కార్డు మర్చిపోయానని చెప్పి బయటపడ్డాను, అప్పట్నుంచి రోజూ ఫోన్లు.

ఇంకో విషయం, మా ఊరి డాక్టర్ గారు మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు రోజుకి 20 మిల్లీగ్రాములు ఇచ్చారు, ఆ కోర్సు పోయిన నెలలోనే అయిపోయింది. అది వాడాక ఆరు నెలల దాకా లేజర్ జోలికి వెళ్లకూడదని ఎక్కడో చదివాను. క్లినిక్‌లో ఆ సంగతి అడగనే లేదు. దవడ దగ్గర అప్పుడప్పుడూ ఒకటో రెండో మొటిమలు ఇంకా వస్తున్నాయి. రంగు చామనఛాయ కన్నా కాస్త ముదురే, ఆఫీసుకి బైక్ మీదే.

ఈ నాలుగు నెలల్లో ఏదైనా అయ్యే పనేనా? 72 వేలు న్యాయమైన రేటేనా? చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

బెజవాడ అక్క:

తమ్ముడూ, ముందు కార్డు మర్చిపోయినందుకు అభినందనలు. సాయంత్రంలోపు కట్టాలన్నారంటేనే అది వైద్యం బేరం కాదు, చీరల షాపు ఆఫర్.

నావి కూడా నీలాంటి బుగ్గలే, నాకు ఈ పాఠం నేర్పింది విజయవాడలో ఒక పెద్దావిడ డాక్టర్. కుర్చీలో కూర్చోబెట్టి, గదిలో లైటు ఆర్పి, చిన్న టార్చి పక్క నుంచి వేసి చూశారు. ఎదుటి నుంచి లైటు వేస్తే గుంటలు సగం కనపడవు, పక్క నుంచి వేస్తే నీడ పడి ఏది ఎంత లోతో తెలుస్తుంది. తర్వాత రెండు వేళ్లతో చర్మం సాగదీసి చూశారు. సాగదీస్తే మాయమైనవి ఒక రకం, ఎంత లాగినా అలాగే ఉన్నవి ఇంకో రకం. స్కెచ్ పెన్‌తో మొహం మీద గుర్తులు పెట్టి, అద్దం చేతికిచ్చి, వీటికి ఇది, వాటికి అది అని చెప్పారు. ఆ చూపు లేకుండా మిషన్ పేరు ముందు చెప్పేవాళ్ల దగ్గర నేనైతే కూర్చోను.

నీ కింది బుగ్గల మీద ఉన్నవి, నువ్వు చెప్పినదాన్ని బట్టి, రోలింగ్ స్కార్స్ అనిపిస్తోంది. మొటిమ మానేటప్పుడు లోపల పీచులాంటి దారాలు ఏర్పడి పై చర్మాన్ని కిందికి కట్టేస్తాయి, బొంత మీద కుట్టు పడిన చోట ఎలా లోపలికి పోతుందో అలాగన్నమాట. పైనుంచి ఎంత లేజర్ కొట్టినా కుట్టు తెగదు కదా. దానికి సబ్‌సిషన్ అని చేస్తారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, చర్మం కిందికి సూదో, మొన లేని సన్నని గొట్టమో (క్యాన్యులా) పోనిచ్చి అటూ ఇటూ ఆడించి ఆ దారాలు తెంచుతారు. నొప్పి పెద్దగా తెలియదు కానీ చెవి పక్కనే పటపటమని తెగుతున్న చప్పుడు వినపడుతుంది, అది మాత్రం ఎవరూ ముందు చెప్పరు, భయపడకు. తర్వాత మొహం కమిలి వంకాయ రంగులోకి వస్తుంది, వారం పది రోజులు బంధువుల ఇళ్లకి వెళ్లే పరిస్థితి ఉండదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ తేడా కనిపించింది దీనితోనే.

పూర్తిగా పోయాయా అంటే లేదు. పక్కలైటులో ఇప్పటికీ కనపడతాయి. సగానికి సగం తగ్గాయంటే అబద్ధం కాదు, నాకు అది చాలు. 90 శాతం అన్న మాట ఏ నిజాయితీ ఉన్న డాక్టరూ అనరు.

ఫొటోల సంగతి వేరే. ఫొటోగ్రాఫర్‌తో ఇప్పుడే మాట్లాడు, లైటు ముందు నుంచి, మెత్తగా పడేలా పెట్టమను. 72 వేలల్లో సగం పని అక్కడే అయిపోతుంది.

కోఠి కుర్రాడు:

ఇంత సీన్ ఎందుకు బ్రో, మెడికల్ షాపులో అడిగితే మూడు మందులు కలిపిన క్రీమ్ ఇస్తారు, ట్యూబు చవకే. మా కజిన్ రాసుకున్నాడు, పది రోజుల్లో మొహం మెరిసిపోయింది, నల్లమచ్చలు కనపడకుండా పోయాయి. గుంటలకి మేకప్ ఎలాగూ ఉంది.

డీవీఎల్ పీజీ:

కోఠి కుర్రాడు గారూ, దయచేసి ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకండి. మీరు చెప్పేది హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిసిన ట్యూబు. డాక్టర్ చీటీ మీద, కొన్ని వారాల పాటు, మంగు మచ్చల్లాంటి వాటికి వాడే మందు అది. పది రోజుల మెరుపు స్టెరాయిడ్ మహిమ. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, మొహం ఎర్రబారి, సన్నని రక్తనాళాలు బయటికి కనపడి, ఆపగానే మొటిమలు మళ్లీ విరుచుకుపడతాయి. మా ఓపీలో రోజూ ఇలాంటి మొహాలు వస్తాయి, చాలామంది ఫెయిర్‌నెస్ క్రీమ్ అనుకుని రాసుకున్నవాళ్లే. మీ కజిన్‌ని కూడా ఒక్కసారిగా ఆపకుండా స్కిన్ డాక్టర్‌కి చూపించుకోమనండి.

ఇక మియాపూర్ మెట్రో గారికి. నేను చర్మ విభాగంలో పీజీ చేస్తున్నాను, మొహం చూడకుండా ఇది చేయించుకోండి అని చెప్పలేను, ఎలా ఆలోచించాలో చెప్తాను.

మీ మొహం మీద ఉన్నవి మూడు నాలుగు వేర్వేరు సమస్యలు. నల్ల మచ్చలు అసలు స్కార్లే కావు, మొటిమ మానిన చోట మిగిలిన రంగు. ఎండ తగలకుండా చూసుకుంటే నెలల మీద వాటంతట అవే తేలికపడతాయి, అజెలాయిక్ యాసిడ్, అడాపలీన్ లాంటి పూత మందులు ఇంకాస్త తొందరగా తగ్గిస్తాయి. వీటికి లేజర్ ఖర్చు దండగ.

కణతల దగ్గరవి ఐస్‌పిక్ స్కార్లు అయ్యుండాలి. నోరు చిన్నది, లోతు ఎక్కువ, అందుకే మామూలు లేజర్, సూదుల రోలర్ అడుగుదాకా చేరవు. వాటికి టీసీఏ క్రాస్ చేస్తాం. ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్‌ని ఎక్కువ గాఢతలో, చాలాసార్లు 100 శాతం దాకా, టూత్‌పిక్ మొనతో ఒక్కో రంధ్రం లోపల మాత్రమే తాకిస్తాం. కొన్ని సెకన్లలో ఆ చుక్క తెల్లగా మారుతుంది. చురుక్కుమంటుంది, తర్వాత చిన్న పక్కు కట్టి వారంలో రాలుతుంది, నెల గ్యాప్‌తో మళ్లీ చేయాలి. 2002లో కొరియా డాక్టర్లు రాసిన పద్ధతి ఇది, మిషన్ అక్కర్లేదు, మందు ఖర్చు చాలా తక్కువ. ప్యాకేజీల్లో ఇది ఎందుకు కనపడదో మీరే ఊహించుకోండి. ఒక్క జాగ్రత్త, అంచు దాటి యాసిడ్ పారితే గుంట ఇంకా వెడల్పవుతుంది, కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లే చేయాలి. ఇంట్లో యాసిడ్ తెప్పించుకుని అద్దం ముందు కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు, అందుకే చెప్తున్నా.

రోలింగ్ స్కార్లకి సబ్‌సిషన్ గురించి అక్క చెప్పింది కరెక్ట్. ఇవి కాక బాక్స్‌కార్ అని ఇంకో రకం, అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉండేవి. పైపైన ఉంటే లేజర్‌కి, మైక్రోనీడ్లింగ్‌కి (సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చడం) బాగానే లొంగుతాయి, లోతుగా ఉంటే పంచ్ అనే గుండ్రటి బ్లేడుతో ఆ ముక్కని పైకి లేపడమో, తీసేసి కుట్టెయ్యడమో చేస్తారు.

సీఓటూ లేజర్ చెడ్డదని కాదు. 10,600 నానోమీటర్ల కిరణంతో చర్మంలో సన్నని నిలువు రంధ్రాలు చేస్తుంది, మధ్యలో మంచి చర్మం వదిలేస్తుంది కాబట్టి తొందరగా మానుతుంది, మానే క్రమంలో కొత్త కొల్లాజెన్ (చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్) వస్తుంది. కానీ మన రంగు చర్మాలకి వేడి తగిలితే నల్లబడే గుణం ఎక్కువ. గుంట కాస్త తగ్గి దాని చుట్టూ నలుపు తేలితే, అది పోవడానికి వారాల నుంచి నెలలు పడుతుంది. పైగా మీరు రోజూ బైక్ మీద ఎండలో. పెళ్లికి గడువు పెట్టుకున్నవాళ్లకి ఇదే పెద్ద రిస్కు. అందుకే ముదురు రంగు ఉన్నవాళ్లలో చాలామంది డాక్టర్లు ఎంఎన్‌ఆర్‌ఎఫ్ వైపు మొగ్గుతారు, అంటే సూదులు లోపలికి దిగాక వాటి మొనల దగ్గర రేడియో ఫ్రీక్వెన్సీ వేడి ఇస్తారు, పై పొరకి వేడి తక్కువ తగులుతుంది కాబట్టి నల్లబడే అవకాశం తగ్గుతుంది, సున్నా కాదు. పీఆర్‌పీ అంటే మీ రక్తమే తీసి, గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగం వాడటం. మైక్రోనీడ్లింగ్‌కి తోడుగా కొంచెం లాభం ఉండొచ్చు, అంతే.

ఐసోట్రెటినాయిన్ ఆరు నెలల నియమం పాత మాట. 2017 నుంచి నిపుణుల సూచనలు మారాయి. మైక్రోనీడ్లింగ్, పైపై పీల్స్ (మందు రాసి పై పొర ఊడేలా చేయడం), ఫ్రాక్షనల్ లేజర్ లాంటి వాటికి అంతకాలం ఆగాలనడానికి గట్టి ఆధారం లేదన్నారు, చర్మం పొర మొత్తం ఒలిచే డెర్మాబ్రేషన్, ఫుల్ ఫేస్ అబ్లేటివ్ లేజర్ మాత్రం వద్దన్నారు. కాబట్టి పోయిన నెల ఆపినంత మాత్రాన దారులు మూసుకుపోలేదు. కానీ ఆ మాట అడగకుండానే లేజర్ బుక్ చేయబోయారంటే, అది మాత్రం నాకు నచ్చలేదు. (ఇది చదివే అమ్మాయిలకి: ఈ మందు వాడుతున్నప్పుడూ, ఆపాక కనీసం ఒక నెల దాకానూ గర్భం రాకూడదు, బిడ్డకి చాలా ప్రమాదం.)

ముందు ఆ దవడ దగ్గర వచ్చే మొటిమలు ఆగాలి. ఒకవైపు కొత్త గుంటలు పడుతుంటే ఇంకోవైపు పాతవి పూడ్చి లాభం లేదు.

ఆర్కే బీచ్:

అందరూ సీఓటూ మీద పడిపోయారు, నా మాట కూడా వినండి. నావి ఎక్కువగా బాక్స్‌కార్లే, లోతు లేనివి. వైజాగ్‌లో సీఓటూనే చేయించుకున్నా, మంచి ఫలితమే వచ్చింది. చేసేటప్పుడు మత్తు క్రీమ్ రాసినా వేడి చుక్కలు పడ్డట్టు ఉంటుంది, కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. తర్వాత నాలుగైదు రోజులు మొహం ఇసుక కాగితంలా గరుగ్గా అయి పొట్టు రాలింది. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఎండలోకి వెళ్లనే లేదు, అందుకే నల్లబడలేదేమో. మా డాక్టర్ గారు మొదట దవడ చివర కొంచెం చోట టెస్టు చేసి, కొన్ని వారాలు ఆగి చూశాకే మొహం మొత్తం చేశారు. అలా చేసేవాళ్లు దొరికితే లేజర్‌కి భయపడక్కర్లేదు. ఒకేసారి ఆరు సెషన్ల డబ్బు కట్టడం మాత్రం వద్దు, ఒకటి చేయించుకుని చూసి ఇంకోటి.

మియాపూర్ మెట్రో:

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్స్ అందరికీ. ఇప్పుడే టార్చి పెట్టి చూసుకున్నా, కింది బుగ్గలవి సాగదీస్తే నిజంగానే మాయమవుతున్నాయి, కణతలవి కదలట్లేదు.

మా రూమ్మేట్ ఆన్‌లైన్‌లో 1.5 మిల్లీమీటర్ల డెర్మారోలర్ కొని ఇంట్లోనే చేసుకుంటే క్లినిక్ ఎందుకంటున్నాడు. ఇంకా, డబ్బు దగ్గర మొహమాటం లేకుండా అడుగుతున్నా, తక్కువలో అయ్యే మార్గం ఉందా? ఇన్సూరెన్స్ వస్తుందా?

బెజవాడ అక్క:

ఆ రోలర్ జోలికి వెళ్లకు. 1.5 అంటే రక్తం వచ్చే లోతు, బాత్రూమ్ అద్దం ముందు చేసే పని కాదు. మొటిమ ఉన్న చోట తిప్పితే చీము మొహమంతా పాకుతుంది, చెయ్యి పక్కకి లాగితే గీతలు గీతలుగా కొత్త మచ్చలు. ఇంట్లో వాడే చిన్న సైజులవి గుంటల దాకా దిగనే దిగవు. రూమ్మేట్‌ని ముందు తన మోకాలి మీద చేసుకోమను.

ఇన్సూరెన్స్ రాదు, అందానికి చేయించుకునేవి పాలసీల్లో ఉండవు. పైగా కాస్మెటిక్ పనులకి హాస్పిటల్ వైద్యంలా పన్ను మినహాయింపు లేదు, జీఎస్టీ వేస్తారు, వాళ్లు చెప్పిన 72 వేలల్లో అది కలిసి ఉందో లేదో అడిగావా? చాలాచోట్ల చివర్లో కలుపుతారు.

డీవీఎల్ పీజీ:

డబ్బు గురించి మొహమాటం ఎందుకు. ప్రభుత్వ టీచింగ్ హాస్పిటళ్లలో చర్మ విభాగం ఉంటుంది, హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, ఆంధ్ర వైపు వైజాగ్ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ ఇలా. ఉదయం ఓపీ చీటీ తీసుకుని వెళ్లండి. మిషన్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, పాడై మూలన పడినవీ ఉంటాయి, కానీ సబ్‌సిషన్‌కి, టీసీఏ క్రాస్‌కి కావాల్సింది సూది, టూత్‌పిక్, అనుభవమున్న చెయ్యి. మీకు పనికొచ్చే రెండూ అవే. రద్దీ ఎక్కువ, ఆఫీసుకి సెలవు పెట్టాలి, అది మాత్రం నిజం.

ప్రైవేటుకి వెళ్తే బోర్డు మీద డాక్టర్ పేరు పక్కన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ లాంటి చర్మ వైద్యం డిగ్రీ ఉందో లేదో చూడండి. "సర్టిఫైడ్ కాస్మటాలజిస్ట్" అంటే ఏదైనా కావచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవడం తప్పేం కాదు. సూది పట్టుకునేది ఎవరు, డాక్టరా టెక్నీషియనా అని కూడా అడగండి.

టైమ్ సంగతి. కొత్త కొల్లాజెన్ పూర్తిగా రావడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, కాబట్టి మాఘానికి సగం పని కూడా కనపడకపోవచ్చు, మిగతాది పెళ్లయ్యాక కనపడుతుంది. నా లెక్కలో ఇప్పుడే రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్, పగలు ఎస్‌పీఎఫ్ 30 పైన సన్‌స్క్రీన్ మొదలుపెట్టి, డాక్టర్ ఒప్పుకుంటే కార్తీకంలో సబ్‌సిషన్, టీసీఏ క్రాస్, నెల ఆగి అవసరాన్ని బట్టి ఇంకోసారి. పెళ్లికి ఆరు వారాల ముందు ఈ సూది, యాసిడ్ పనులన్నీ ఆపేయాలి. సన్‌స్క్రీన్ రెండు వేళ్ల నిండా తీసుకుని మొహానికీ మెడకీ, మధ్యాహ్నం మళ్లీ. హెల్మెట్ గ్లాసు ఉంది కదా అని వదిలేయకండి.

ఆర్కే బీచ్:

పెళ్లి ముందు పార్లర్ వాళ్లు బ్లీచ్, గోల్డ్ ఫేషియల్ అని పట్టుకుంటారు, అదీ వద్దు. మా అన్నయ్యకి పెళ్లికొడుకుని చేసే రోజు ఉదయం బ్లీచ్ చేశారు, సాయంత్రానికి మొహం కందిపోయి పీటల మీద దాకా ఎర్రగానే ఉంది.

మియాపూర్ మెట్రో:

నోట్ చేసుకున్నా. నలుగు సంగతేంటి మరి? మా ఇంట్లో పిండితో గట్టిగా రుద్దుతారు. ఇంకోటి, డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి? మా అక్కకి చెవి కుట్టించిన చోట పెద్ద గడ్డ కట్టింది, ఎన్నేళ్లయినా పోలేదు, అది దీనికి సంబంధమా?

డీవీఎల్ పీజీ:

నలుగుకి ఇబ్బంది లేదు, అప్పటికి చర్మం మానిపోయి ఉంటుంది, కాళ్లూ చేతులూ ఎంత రుద్దినా సరే, మొహం మీద మాత్రం మెత్తగా పట్టించి కడిగేయమనండి.

అక్క గడ్డ సంగతి మాత్రం చాలా ముఖ్యం. అది కెలాయిడ్ అయ్యుంటుంది, ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకీ వచ్చే అవకాశం ఎక్కువ. మీకు ఛాతీ మీదో భుజాల మీదో దవడ అంచునో మొటిమ మానిన చోట ఉబ్బుగా, గట్టిగా ఏమైనా మిగిలిందా? ఉంటే మొదటి మాటే అది చెప్పండి, అలాంటివాళ్లకి ముందు చెవి ముందర ఒకటి రెండు గుంటల మీద చేసి, ఆరు వారాలైనా ఆగి చూశాకే మిగతాది. దీనివల్ల మాఘానికి ఏమీ పూర్తి కాకపోయినా సరే, ఆగండి. గుంట కన్నా గడ్డ తగ్గించడం కష్టం. పెదవి పక్కన నీటి పొక్కులు తరచూ వస్తుంటే, ఆస్పిరిన్‌లాంటి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అవి కూడా చెప్పాలి.

మియాపూర్ మెట్రో:

భుజం మీద ఒకటుంది, బఠాణీ గింజంత, దురద పెడుతుంది. సోమవారం గాంధీ ఓపీకి వెళ్తున్నా, అదీ చూపిస్తా. క్లినిక్ మేడం ఇప్పుడే మళ్లీ ఫోన్ చేశారు, 60 వేలకి దిగారు.